టీమ్ లీడ్‌ని అయ్యాను, లీడర్‌షిప్ కోర్సు చేయాలా?

మాదాపూర్‌లో ఐదేళ్లు కోడింగ్ చేసి లీడ్ అయ్యానని, టీమ్ మాత్రం మాట వినట్లేదని రాశారు. కోర్సు దండగ అనను. రాజ్‌భవన్ రోడ్డులో 1956లో పుట్టిన ఆస్కీ అనే మేనేజ్‌మెంట్ శిక్షణ సంస్థ ఉంది, గచ్చిబౌలిలో ఐఎస్‌బీ బిజినెస్ స్కూలు ఉంది. ఖర్చు కంపెనీ పెట్టుకుంటే వెళ్లండి.

అసలు చిక్కు వేరు. నిన్నటిదాకా మీ పని మీరు చేస్తే సరిపోయేది, ఇప్పుడు పక్కవాళ్ల చేత చేయించాలి. మంచి కోడర్లు ఇక్కడే బోల్తాపడతారు. బగ్ రాగానే జూనియర్ కీబోర్డు లాక్కుని తామే సరిచేసేస్తారు. రిలీజ్ గట్టెక్కుతుంది, జూనియర్ ఉన్నచోటే ఉంటాడు.

1969లో హెర్సీ, బ్లాంచర్డ్ అనే మేనేజ్‌మెంట్ నిపుణులు చెప్పింది నాకు ఇప్పటికీ పనికొచ్చేదే అనిపిస్తుంది: అందరినీ ఒకేలా నడపలేం. కొత్తవాళ్లకు విడమరిచి చెప్పాలి. పని వచ్చినా ధైర్యం చాలనివాళ్లను "నువ్వయితే ఎలా చేస్తావ్?" అని అడిగి వెనక నిలబడాలి. చేయి తిరిగినవాళ్ల జోలికి పోకూడదు.

ఇంకోటి, నింద ఎవరు మోస్తారన్నది. 1979లో ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ విఫలమైతే విలేకరులకు జవాబు చెప్పింది ఇస్రో అధిపతి సతీశ్ ధావన్. 1980లో గెలిచాక మాట్లాడమని ప్రాజెక్టు సారథి కలాంను పంపారు. రేపు సమస్య పైవాళ్ల దాకా వెళ్లాక పెట్టే ఎస్కలేషన్ కాల్‌లో క్లయింట్ "తప్పెవరిది?" అంటే పేరు చెప్పకండి. ఆ జూనియర్‌తో తర్వాత విడిగా మాట్లాడండి.

వారానికోసారి ఒక్కొక్కరితో అరగంట కూర్చోండి. స్టేటస్ అడగడానికి కాదు, అందుకు పనుల లెక్క చూపే జిరా సాఫ్ట్‌వేర్ ఉంది.