సెయింట్ ఐవ్స్ వెళ్తున్న మేనకోడలికి

అమ్మలూ,

శిల్పి బార్బరా హెప్‌వర్త్ పనులు చూడ్డానికి ఇంగ్లండ్ నైరుతి కొసనున్న సముద్రతీరపు ఊరు సెయింట్ ఐవ్స్ వెళ్తున్నావట, మీ నాన్న చెప్పాడు. లండన్ రైలు సెయింట్ ఎర్త్‌లో దిగి చిన్న బండి ఎక్కాలి. అందులో కుడివైపు కిటికీ పట్టుకో, సముద్రం అటే వస్తుంది. దారిలో వచ్చే కార్బిస్ బేలోనే ఆవిడ మొదట కాలుపెట్టింది. 1939 ఆగస్టు, యుద్ధం ఇవాళో రేపో అన్నట్టుంది, అయిదేళ్లు నిండని ముగ్గురు కవలలు వెంట. ఉత్తరాన యార్క్‌షైర్ మనిషి, ఇక ఆ తీరం వదల్లేదు.

దిగగానే మ్యూజియంకి పరిగెత్తకు. ముందు రేవు పక్కనున్న చర్చికి వెళ్లు. పెద్దకొడుకు పాల్ వాయుసేనలో ఉండగా 1953లో థాయ్‌లాండ్‌లో విమానం కూలి పోయాడు. మరుసటేడు ఆవిడ తల్లీబిడ్డల శిల్పం చెక్కి అక్కడ పెట్టింది. ముక్కూ మొహం లేని రూపాలకే పేరుపడ్డ మనిషి, ఇక్కడ మాత్రం చూసిన ప్రతి ఆడదానికీ అర్థమయ్యేట్టు చెక్కింది. న్యూయార్క్‌లో ఐక్యరాజ్య సమితి ముందు 21 అడుగుల కంచు శిల్పం ఆవిడదే. అయినా నన్నడిగితే ఈ చిన్న రాయే ముందు. ఊరు కూడా ఆవిడని తనలో కలుపుకుంది: కుమ్మరి బెర్నార్డ్ లీచ్‌తో పాటు 1968లో గౌరవ పౌరసత్వం ఇచ్చింది. ఊరి సభాభవనం గిల్డ్‌హాల్ బయట ఆవిడ కంచు శిల్పం ఉంది, దాటిపోకు.

తర్వాత ట్రెవిన్. 1949లో కొన్న ఆ స్టూడియో, తోటే ఇప్పుడు మ్యూజియం. ఎదురుగా నిలబడి ఫొటో తీసి వచ్చేయకు. తోటలో శిల్పాల చుట్టూ తిరుగు, వాటికి పెట్టిన కన్నంలోంచి అవతలి మొక్కల్ని చూడు. సముద్రాన్ని చూసే రాయికి కన్నం పెట్టిందని ఎవరైనా అంటే తలూపకు. ఆ పని 1930ల మొదట్లో లండన్‌లోనే చేసింది. సముద్రం ఇచ్చింది ‘పెలగోస్’ అనే శిల్పాన్ని: 1946 నాటిది, ఎల్మ్ చెక్క, లోపల లేత రంగు, అడ్డంగా బిగించిన తీగలు. అది టేట్ మ్యూజియం వాళ్లది, ఎప్పుడెక్కడ పెడతారో ముందే కనుక్కో.

నువ్వు ఉలి పట్టేదానివి కాబట్టి పనిగదిలో ఎక్కువసేపు ఉండు. 1975లో అదే ఇంట్లో మంటల్లో పోయింది, డెబ్బై రెండేళ్లకి. పనిముట్లు, సగం చెక్కిన రాళ్లు అలాగే ఉంచారు. పూర్తయిన వాటికన్నా అవే నీకు పని నేర్పుతాయి. గనిలో పనిచేసి వచ్చిన డెనిస్ మిచెల్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి ఆవిడకి సాయంగా ఉన్నారు. అన్నీ ఒంటిచేత్తో చేయాలన్న నీ పంతం అక్కడ కాస్త దించుకో.

వీధులన్నీ ఎత్తుపల్లాలు, మంచి బూట్లు వేసుకో. రేవు గట్టున తినేటప్పుడు సీగల్స్‌తో జాగ్రత్త, చేతిలోది లాక్కుపోతాయి.

మీ అత్తయ్య