నోరు కాస్త భద్రం అబ్బయా

అబ్బయా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "వీడు ఆఫీసు నుంచి వచ్చాక గేములు ఆడుతూ యూట్యూబ్‌లో లైవ్ పెడతాడంట, తెలుగులో కథ చెప్తాడంట, నువ్వన్నా గడ్డి పెట్టు తమ్ముడూ" అంది. నేనేం గడ్డి పెడతాను? కావలి ట్రంకు రోడ్డులో ఏడేళ్లు నెట్ సెంటర్ నడిపినవాణ్ణి, నిన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని మౌసు పట్టించింది నేనే. ఫోన్ పెట్టేశాక కాస్త గర్వంగా కూడా అనిపించింది. తర్వాత నిద్ర పట్టలేదు. ఎందుకంటే నీది మన ఇంటి నోరు.

మైకు, లైటు, నెట్ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. ఇన్వర్టర్ బ్యాటరీ ఒకసారి చూపించు. పన్నెండు దాటితే పడుకో.

నా భయం వేరే. 2004లో మన సెంటర్లో ఆరు సిస్టమ్‌లు, గంటకి 15 రూపాయలు. వైస్ సిటీ అనే కార్ల, తుపాకుల గేమంటే పిల్లకాయలు పడిచచ్చేవాళ్లు, అందులో సగం మంది కోడ్ కొట్టి ట్యాంకు తెప్పించుకుని కనబడ్డ కారునల్లా తొక్కించేవాళ్లే. ఒక్క పిల్లోడు మాత్రం కథ ఆడేవాడు. టిఫిన్ అంగట్లో పని, ఆదివారం మధ్యాహ్నం ఒక్క గంట వచ్చేవాడు. నాలుగో నంబర్ సిస్టమ్‌లోనే వాడి సేవ్, అంటే ఆట ఎందాకా వచ్చిందో దాచిన ఫైలు, ఉండేది, దాని మీద ఇంకెవరూ సేవ్ చేయకుండా నేను కాపలా. కీబోర్డ్ ముట్టుకునే ముందు చేతులు రెండూ చొక్కాకి తుడుచుకునేవాడు, దోసెల నూనె అంటుతుందని. మిషన్ల, అంటే ఆటలో ఇచ్చే పనుల, పేర్లు తనకి తోచినట్టు తెలుగులో నోటుబుక్కులో రాసుకుని, అయిపోయినదాని పక్కన టిక్కు పెట్టేవాడు. ఆ ఆటలో ఆస్తులు కొని, వాటి పనులు పూర్తిచేస్తే గానీ చివరి మిషన్ రాదు. వారానికి గంట లెక్కన వాడికి ఏడాది దాటింది.

ఆ రోజు వచ్చి "అన్నా, ఇంక ఒక్కటే మిగిలింది" అన్నాడు. నేను చిల్లర లెక్కపెట్టుకుంటున్నా, చుట్టూ నలుగురు పిల్లకాయలున్నారు, వాళ్ల ముందు నాకు తెలుసని చూపించుకోవాలి కదా. "ఇంకేముందిరా, ఆఖర్న ఫలానావాడు..." అని పేరుతో సహా చెప్పేశా. ఆ పేరు ఇక్కడ రాయను. నువ్వు ఆడేశావని తెలుసు, అయినా ఈ ఉత్తరం ఇంకెవరన్నా చదవొచ్చు.

వాడు నన్నేమీ అనలేదు. మౌసు మీద చెయ్యి అట్టానే ఆగిపోయింది. మిషన్ మొదలుపెట్టలేదు. మిగిలిన టైమంతా బీచ్ పక్క రోడ్డులో కారు నడుపుకుంటూ తిరిగాడు, ఎర్ర సిగ్నల్ పడితే ఆగుతూ. ఆ గేములో సిగ్నల్ దగ్గర ఆగినవాణ్ణి నేను వాడొక్కణ్ణే చూశా. డబ్బులు వద్దురా అన్నా వినకుండా 15 రూపాయలు టేబుల్ మీద పెట్టి పోయాడు. మళ్లీ రాలేదు. రెండుసార్లు విండోస్ మార్చాను, రెండుసార్లూ వాడి సేవ్ సీడీలోకి ఎక్కించి దాచా.

"కథ బాగుంటే ముగింపు తెలిసినా ఏం కాదు మామా" అంటావు, నాకు తెలుసు. నిజమే, తిక్కన భారతం రాసిన నెల్లూరు మనది, కురుక్షేత్రంలో ఎవరు గెలుస్తారో తెలిసే తెల్లార్లూ నాటకం చూస్తాం. కానీ అక్కడ మనం చూసేవాళ్లమే. గేములో తలుపు తీసింది నువ్వు, తుపాకి పేల్చింది నువ్వు, ఒకణ్ణి నమ్మి పక్కన తిప్పుకున్నదీ నువ్వే. అయినా నీకు నేను చెప్పాలా? 2020లో లాక్‌డౌన్ అప్పుడు, ద లాస్ట్ ఆఫ్ అస్ గేము రెండో భాగం జూన్ 19న వచ్చింది గానీ దాని కథ ఏప్రిల్‌లోనే లీకైంది. నువ్వు గేముల వీడియోలన్నీ మానేసి తిరిగావు. చివరికి ఎవడో చేపల పులుసు వీడియో కింద కామెంట్లో ఆ కథ రాసేశాడు. ఆ రాత్రి అన్నం తినకుండా పడుకున్నావని మీ అమ్మ నాకు ఫోన్ చేసింది, ఎవరన్నా పోయారేమోనని హడలిపోయా వెధవా.

కాబట్టి, వీడియో పేరులో, థంబ్‌నెయిల్లో చచ్చిపోయినవాడి మొహం పెట్టబాకు, వీడియో తెరవని వాడికి కూడా అది కనబడుతుంది. ఎక్కడిదాకా ఆడబోతున్నావో ముందే చెప్పు. డిస్కార్డ్ చాట్ యాప్‌లో ముగింపు మాటకి అటు రెండు ఇటు రెండు నిలువు గీతలు పెట్టి రాస్తే నొక్కినవాడికే కనబడుతుంది. కంపెనీ ఏమందో చదువు, 2017లో పర్సోనా 5 అనే గేము తీసినవాళ్లు ఆటలో ఫలానా తేదీ దాటాక లైవ్ పెట్టొద్దన్నారు, జనం గోల చేస్తే కాస్త సడలించారు. పాత ఆటేగా అని వాగబాకు, వైస్ సిటీ ఈరోజే మొదలుపెట్టే పిల్లోడు ఒంగోల్లో ఉండొచ్చు. చాట్‌లో ఎవడన్నా ముగింపు రాస్తే గమ్మున తీసెయ్, పైకి చదివి తిట్టావంటే వినని వాళ్లకి కూడా వినిపించినట్టే.

ఇంకోటి, "చివర్లో ట్విస్ట్ ఉంది, చెప్పనులే" అనడం కూడా చెప్పడమే. ఆ మాట విన్నప్పటి నుంచి ప్రతి మనిషినీ అనుమానంగా చూస్తూ ఆడాలి.

నువ్విచ్చిన కంప్యూటర్లో రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 ఆడుతున్నా, కళ్లద్దాలు పెట్టుకుని, నిదానంగా. మొన్న "ఎందాకా వచ్చింది మామా" అని అడిగితే నాలుగో చాప్టర్ అన్నా. నువ్వు "అయ్యో" అన్నావు చూడు, అదీ అనకూడదు.

మీ మామ