హేమిష్ అనే స్కాటిష్ పేరు: ఎక్కడిది, అర్థమేమిటి, ఇప్పుడు పెట్టుకోవచ్చా?

ప్రశ్న క్లుప్తంగా ఇది: గ్లాస్గోలో ఉంటున్న తెలుగు దంపతులు తమ అబ్బాయికి హేమిష్ అని పెడదామనుకుంటున్నారు. స్కాట్లాండ్ పేరూ అవుతుంది, మన హేమేష్‌లాగా పెద్దవాళ్ల నోటికీ పలుకుతుంది. అయితే పేర్ల వెబ్‌సైట్లలో దాని అర్థం "మోసగాడు" అని కనిపించింది, పైగా అది ముసలివాళ్ల పేరని ఆఫీసులో ఎవరో అన్నారు. రెంటిలో నిజమెంత?

పెట్టుకోండి, మంచి పేరు. కానీ అది ఎలా పుట్టిందో తెలిస్తే ఆ రెండు అనుమానాలూ వాటంతటవే తీరతాయి.

హేమిష్ నిజానికి జేమ్సే. స్కాట్లాండ్ పాత భాష అయిన స్కాటిష్ గేలిక్‌లో జేమ్స్‌కు రూపం షేమస్. గేలిక్‌లో మనిషిని పిలిచేటప్పుడు పేరు మారుతుంది. మనం "రాముడు వచ్చాడు" అంటాం గానీ పిలిచేటప్పుడు "ఓ రామా" అంటాం కదా, సరిగ్గా అలాగే. మన "ఓ" ఉన్న చోట వాళ్లు "అ" పెడతారు. ఆ "అ" తర్వాత పేరు మొదటి హల్లు మెత్తబడుతుంది, అందుకే "ష" కాస్తా "హ" అవుతుంది. మగవాళ్ల పేర్లలో చివరి హల్లు కూడా మారుతుంది, అందుకే "స్" "ష్" అయింది. అలా షేమస్‌ను పిలిస్తే "అ హేమిష్" అని వినిపిస్తుంది. గేలిక్ రానివాళ్లు ఆ పిలుపు విని, అదే అసలు పేరనుకుని, చెవికి తోచిన ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తో రాసుకున్నారు. అందుకే గేలిక్ మాతృభాషగా ఉన్న ఇళ్లలో కాగితం మీద షేమస్ అనో జేమ్స్ అనో ఉంటుంది, హేమిష్ అన్నది పిలుపులో ఉంటుంది.

అమ్మాయిల పేర్లలోనూ ఇలాంటిది ఒకటుంది. మేరీకి గేలిక్ రూపం మారి. పిలిచేటప్పుడు "మ" కాస్తా "వ" అయి "అ వారి" అంటారు. ఎమ్ పక్కన హెచ్ పెట్టి రాసే ఆ రూపాన్నే ఇప్పుడు నేరుగా పేరుగా పెట్టుకుంటున్నారు. స్కాట్లాండ్‌లో మీ సహోద్యోగుల్లో ఆ స్పెల్లింగ్ ఉన్నవాళ్లుంటే ఎలా పలకాలో ముందే అడగడం మంచిది. "వారి" అనేవాళ్లూ ఉన్నారు, "మారి" అనేవాళ్లూ ఉన్నారు.

ఇక అర్థం. జేమ్స్ వెనక్కి వెళ్తే లాటిన్ యాకోముస్, దానికి ముందు యాకోబుస్, గ్రీకు యాకోబోస్, హీబ్రూ యాకోవ్. అంటే మన తెలుగు బైబిల్లోని యాకోబే. కొత్త నిబంధనలో ఇంగ్లిష్ వాళ్లు జేమ్స్ అని రాసే పత్రిక తెలుగులో యాకోబు పత్రిక. కోస్తా జిల్లాల్లో యాకోబు అని పేరున్న తాతగారు ఎవరైనా ఉంటే, ఆయనా హేమిషూ ఒకే పేరువాళ్లు. ఆదికాండము 25వ అధ్యాయంలో కవలల్లో రెండోవాడు అన్న ఏశావు మడిమె పట్టుకుని పుట్టాడు కాబట్టి యాకోబు అన్నారని ఉంది. 27వ అధ్యాయంలో ఏశావు కోపంతో ఆ పేరునే "నన్ను రెండుసార్లు మోసగించాడు" అనే అర్థానికి తిప్పుతాడు. వెబ్‌సైట్లలోని "మోసగాడు" అక్కడి నుంచి వచ్చిందే. అది అన్యాయం జరిగిన అన్న నోటి మాట, పేరు పెట్టినప్పుడు అనుకున్న అర్థం కాదు. దేవుడు కాపాడుగాక అనే అర్థం ఉన్న పాత సెమిటిక్ (హీబ్రూ కుటుంబ భాషల) పేరుకు ఇది పొట్టి రూపమని భావించే పండితులూ ఉన్నారు. హేమిష్‌కు గేలిక్‌లో విడిగా అర్థం అంటూ ఏదీ లేదు. "కొండల వీరుడు" లాంటివి ఎక్కడైనా కనిపిస్తే నమ్మకండి.

పేరుకు ఆదరణ ఎలా వచ్చిందన్నది ఇందులో అన్నిటికంటే ఆసక్తికరమైన భాగం. జేమ్స్ స్కాట్లాండ్ రాజుల పేరు. 1406లో మొదటి జేమ్స్‌తో మొదలై, 1603లో ఇంగ్లాండ్ సింహాసనం కూడా ఎక్కిన ఆరో జేమ్స్ దాకా వరసగా చూస్తే మధ్యలో మేరీ ఒక్కతే వేరే పేరు. గద్దె దిగిన జేమ్స్ వంశాన్ని తిరిగి తేవాలని 1745లో తిరగబడినవాళ్లను జాకబైట్లు అనడం కూడా జేమ్స్‌కు లాటిన్ రూపమైన యాకోబుస్ నుంచే. 1746లో కలోడెన్ యుద్ధంలో వాళ్లు ఓడాక హైలాండ్ (స్కాట్లాండ్ ఉత్తర కొండసీమ) దుస్తుల మీద నిషేధం పెట్టారు, అది 1782 దాకా నడిచింది. ఆ తర్వాత గాలి తిరిగింది. నిషేధించిన వాటినే ముచ్చటగా చూడడం మొదలైంది. 1822లో బ్రిటన్ రాజు నాలుగో జార్జి ఎడిన్‌బరో వచ్చి, హైలాండ్ మగవాళ్లు నడుముకు కట్టే గళ్ల కిల్ట్ కట్టాడు. ఆ సంబరాలు నడిపించిన నవలాకారుడు వాల్టర్ స్కాటే 1827లో అచ్చయిన ఒక హైలాండ్ కథలో నాయకుడికి హేమిష్ అని పేరు పెట్టాడు. 1852లో విక్టోరియా రాణి కుటుంబం అక్కడి బాల్మోరల్ ఎస్టేట్ కొనడంతో హైలాండ్ మోజు పై తరగతుల ఇళ్లలో ఇంకా పెరిగింది. ఆ రోజుల్లోనే హేమిష్ పిలుపు నుంచి రిజిస్టర్ పేరుగా మారింది. గ్రీనక్‌లో 1868లో పుట్టిన సంగీతకర్త హేమిష్ మకన్‌కు పుట్టినప్పుడు పెట్టిన పేరు జేమ్స్. షెర్లాక్ హోమ్స్ కథల్లో డాక్టర్ జాన్ హెచ్. వాట్సన్‌ను భార్య ఒకచోట "జేమ్స్" అంటుంది. ఆ హెచ్ అంటే హేమిష్ అయి ఉంటుందని డిటెక్టివ్ నవలల రచయిత్రి డొరతీ సేయర్స్ తేల్చింది, చక్కని ఊహ.

అందుకే ఈ పేరుకు స్కాట్లాండ్‌లో కాస్త ఎస్టేట్లు, ప్రైవేటు బడులు ఉన్న ఇళ్ల వాసన ఉంటుంది. ఇంగ్లాండ్‌లోనేమో హాస్యానికి "ఎర్రగడ్డం స్కాట్" అనగానే తగిలించే పేరు ఇదే. 1995లో వచ్చిన "బ్రేవ్‌హార్ట్" సినిమా ఆ ముద్రను ఇంకా గట్టిచేసింది. అందులో కథానాయకుడు, స్కాట్ యోధుడు వాలెస్‌కు ప్రాణమిత్రుడు హేమిష్. 13వ శతాబ్దపు మనిషికి ఆ రూపంలో పేరు ఉండే అవకాశం లేదు, చారిత్రక కథ రాసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

స్కాట్‌లు వలస వెళ్లిన చోట్ల మాత్రం ఆ వాసనా లేదు, వెక్కిరింపూ లేదు. న్యూజిలాండ్‌లోని డునెడిన్ 1848లో స్కాట్‌లు కట్టుకున్న ఊరు, దాని పేరే ఎడిన్‌బరోకు గేలిక్ పేరు. ఆ దేశంలో, ఆస్ట్రేలియాలో 1980, 90ల్లో పుట్టిన హేమిష్‌లు ఎందరో. రోయింగ్‌లో ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన హేమిష్ బాండ్ 1986లో డునెడిన్‌లోనే పుట్టాడు. 2024 పారిస్‌లో హైజంప్ స్వర్ణం హేమిష్ కెర్‌ది. క్రికెట్ అభిమానులకు ఇంకో ముచ్చట: 1979లో పుట్టిన ఒకే పోలిక కవలలు జేమ్స్ మార్షల్, హేమిష్ మార్షల్ ఇద్దరూ న్యూజిలాండ్‌కు టెస్టులు ఆడారు. ఇద్దరిదీ నిజానికి ఒకే పేరు! ముసలివాళ్ల పేరు అన్నవాళ్లకు వీళ్లను చూపించండి.

ఇప్పుడు ఎంతమంది పెడుతున్నారో మీరే చూసుకోవచ్చు. నేషనల్ రికార్డ్స్ ఆఫ్ స్కాట్లాండ్ 1974 నుంచి పేర్ల జాబితాలను ఉచితంగా ఇస్తుంది. చూసేటప్పుడు ర్యాంకు కాదు, పక్కనున్న సంఖ్య చూడండి. 2023లో స్కాట్లాండ్ మొత్తం మీద పుట్టినవాళ్లు 46 వేల లోపే. మధ్యస్థాయి పేర్లకు పదిమంది తేడా వస్తే చాలు, ర్యాంకు ఎన్నో మెట్లు ఎగిరి దూకుతుంది, "పేరు మళ్లీ ఫ్యాషన్లోకి" అని వార్త అవుతుంది. అయిదేళ్ల సంఖ్యలు కలిపి పోల్చండి. జాబితాలో ఒక్కో స్పెల్లింగ్‌నూ విడిగా లెక్కిస్తారు, రెండో పేరుగా పెట్టినవి రావు. ఇంగ్లాండ్, వేల్స్ జాబితాలో ఏడాదికి ముగ్గురి కంటే తక్కువమందికి పెట్టిన పేర్లు చూపించరు, అమెరికా జాబితాలో ఆ హద్దు అయిదు. కనబడలేదంటే లేనట్టు కాదు. స్కాట్లాండ్‌లో 2023లో ల్యూక్, 2024లో నోవా మొదటి స్థానంలో ఉన్నాయి. హేమిష్ ఎప్పుడూ ఆ దరిదాపులకు రాలేదు. తరగతిలో ఇంకో హేమిష్ తగలకపోవచ్చు, అయినా టీచర్‌కు పలకడం తెలిసే ఉంటుంది. నా దృష్టిలో ఈ పేరుకున్న పెద్ద సుగుణం అదే.

పాత వంశవృక్షాలు వెతికేవాళ్లకు ఒక మాట. స్కాట్లాండ్‌లో ప్రభుత్వ జనన నమోదు 1855 జనవరి 1న మొదలైంది. 19వ శతాబ్దపు రిజిస్టర్‌లో హేమిష్ అని వెతికితే చాలాసార్లు చేతికి ఏమీ రాదు. జేమ్స్ అని, జె-ఎ-ఎస్ అనే పొట్టి రూపంలోనూ వెతకాలి. మొదటి కొడుక్కి నాన్న తండ్రి పేరు, రెండోవాడికి అమ్మ తండ్రి పేరు పెట్టే ఆనవాయితీ వల్ల ఒకే ఊళ్లో, ఒకే ఇంటిపేరుతో చాలామంది జేమ్స్‌లు దొరుకుతారు. తల్లి పుట్టింటి పేరు కూడా ఇచ్చి వడకట్టకపోతే వేరేవాళ్ల తాతను ఇంటికి తెచ్చుకుంటారు.

మీ విషయంలో తేల్చుకోవాల్సింది స్పెల్లింగ్. హెచ్ తర్వాత ఎ పెడితే స్కాట్‌లు సరిగ్గా "హేమిష్" అంటారు, కానీ హైదరాబాద్‌లో ఆ స్పెల్లింగ్ చూసి "హమీష్" అని రాసేవాళ్లే ఎక్కువ. ఇ పెట్టి హేమేష్ అని రాస్తే మనవాళ్లకు బాగుంటుంది, స్కాట్‌లకు అది వాళ్ల పేరని తోచదు. మొదటిదే పెట్టుకుని, తెలుగులో రాయాల్సిన ప్రతిచోటా "హేమిష్" అని మీరే రాసివ్వండి. స్కాట్లాండ్‌లో పుట్టిన 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. రిజిస్ట్రార్ ముందు సంతకం పెట్టేముందు ఒక్కో అక్షరం చదవండి, పాస్‌పోర్టుకూ ఓసీఐకీ (భారత మూలాలున్న విదేశీ పౌరులకు భారత్ ఇచ్చే కార్డు) ఆ స్పెల్లింగే వెళ్తుంది. సర్టిఫికెట్ తీసుకునేటప్పుడు సంక్షిప్త రూపంతో సరిపెట్టుకోకండి, అందులో తల్లిదండ్రుల పేర్లు ఉండవు. ఓసీఐ దరఖాస్తుకు పూర్తి రూపం అడిగి తీసుకోండి.