క్లాసు ప్రతినిధిగా ఉంటే చదువు పాడవుతుందా?

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ మొదటి ఏడాది. క్లాసు ప్రతినిధిగా, హాస్టల్ మెస్ కమిటీలో ఉంటానంటోంది. ఈ రాజకీయాల్లో పడితే నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) ప్రిపరేషన్ దెబ్బతింటుందని భయం. ఏది ముఖ్యం?

జవాబు: అమ్మా, ఈ ప్రశ్న నన్ను ఏటా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. పైకి అడిగేది నెట్ గురించే. లోపలి టెన్షన్ వేరు: మేస్టార్లకు కోపం వస్తే ఇంటర్నల్ మార్కులు పోతాయేమో, పిల్ల ఏ కేసులోనో ఇరుక్కుంటుందేమో అని.

మన రాష్ట్ర యూనివర్సిటీల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు జరిగి దశాబ్దాలు దాటింది. జరిగేచోట కూడా, ఈ ఎన్నికల తీరు మీద వేసిన లింగ్డో కమిటీ సిఫార్సులు పాటించాలని సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు, 75 శాతం హాజరుండాలి, ఆ ఏడాది సబ్జెక్టులు మిగిలి ఉండకూడదు. మీ అమ్మాయి అడుగుతున్నది అంత పెద్ద విషయం కూడా కాదు. పప్పు పల్చగా వస్తోందనో, వాటర్ ఫిల్టర్ పాడైందనో వార్డెన్‌కి అర్జీ రాయాలి. తేదీ వేసి, అందరిచేత సంతకాలు పెట్టించి, ఆఫీసులో ఇచ్చి తన కాపీ మీద స్టాంపు వేయించుకోవాలి. వారం తర్వాత మళ్లీ వెళ్లి ఏమైందని మర్యాదగా అడగాలి. ఇందులో రాజకీయం ఎక్కడుంది?

పైగా ఇది నిబంధనలే ఇచ్చిన చోటు. లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీలో, విద్యార్థులకు సంబంధించిన కేసులప్పుడు, ఒక పీజీ విద్యార్థి ప్రతినిధి కూడా ఉండాలని యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం) 2015 నిబంధనలు చెబుతున్నాయి. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం విద్యార్థుల ఫిర్యాదుల కమిటీకి విద్యార్థుల్లో ఒకరిని ప్రత్యేకంగా ఆహ్వానించాలి. ఆ కుర్చీలో ఎవరో ఒకరి పిల్ల కూర్చోవాలి కదా!

నాకు అనుమానమల్లా ఇప్పుడు నడుస్తున్న ఫ్యాషన్ మీద. ఏదో కంపెనీకి 'క్యాంపస్ అంబాసిడర్' అనిపించుకోవడం, వారాంతంలో ఆన్‌లైన్ లీడర్‌షిప్ కోర్సు చేసి సర్టిఫికెట్ లింక్డిన్‌లో పెట్టడం. వాటికి డబ్బు కట్టడానికి తల్లిదండ్రులు వెనకాడరు. ఇంటర్వ్యూలో "నువ్వు ఏ సమస్య పరిష్కరించావు?" అని అడిగితే మాత్రం ఆ పిల్లలు తెల్లమొహం వేస్తారు. ఫిల్టర్ బాగుచేయించిన అమ్మాయి దగ్గర చెప్పడానికి విషయం ఉంటుంది.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. రేపు ఆమె పరవాడ ఫార్మాసిటీలో ఉద్యోగానికి వెళ్లిందనుకోండి. రియాక్టర్ దగ్గర భద్రత సరిగ్గా లేదని సూపర్‌వైజర్‌కి చెప్పగలగాలా, వద్దా? నోరు మెదపకపోవడమే మంచితనమని మీరు ఇప్పుడు నేర్పితే, అక్కడ ప్రాణం మీదకు వస్తుంది.

పార్టీల అనుబంధ సంఘాల్లో చేరతానంటే మాత్రం ఒక సెమిస్టర్ ఆగి, వాళ్ల పని తీరు చూసి తేల్చుకోమనండి. నెట్ ఏటా రెండుసార్లు ఉంటుంది, దానికి ఢోకా లేదు. సెమిస్టర్ పరీక్షలకు ముందు నెల మాత్రం బాధ్యతను తోటి ప్రతినిధికి అప్పగించమని షరతు పెట్టండి. అందుకు ఒప్పుకుంటే ఇక అడ్డు చెప్పకండి.