తెరవాలా, తెరుచుకుంటుందా?

ప్రశ్న: మేము అమెరికాలో పాత ఇల్లు కొన్నాం. నేలమాళిగలో ఇంటిని ఆవిరితో వెచ్చబరిచే బాయిలరు ఉంది. చలికాలంలో మా దగ్గరికి వస్తున్న అమ్మానాన్నల కోసం దాని వాల్వుల పేర్లు, పనులు తెలుగులో రాసి అంటించాలనుకుంటున్నాను. సేఫ్టీ వాల్వును ‘భద్రతా కవాటం’ అని, చెక్ వాల్వును ‘తనిఖీ కవాటం’ అని రాయవచ్చా?

సమాధానం: ‘కవాటం’ మంచి మాటే. సంస్కృతంలో తలుపు రెక్క అని అర్థం. గుండె గురించిన పాఠం చదివినవారికి పరిచయమే. కానీ చీటీ మీద ‘వాల్వు’ అనే రాయండి, పెద్దవాళ్లకు అదే తేలిక. ‘తనిఖీ కవాటం’ మాత్రం పొరపాటు. ఇక్కడ ‘చెక్’ అంటే పరీక్షించడం కాదు, అడ్డుకోవడం. బాయిలరులోకి పోయే నీటిని వెనక్కి మళ్లనివ్వదు కాబట్టి ‘వెనక్కి రానివ్వని వాల్వు’ అనండి.

అసలు జాగ్రత్తంతా క్రియలో ఉండాలి. తెలుగులో తెరవడం వేరు, తెరుచుకోవడం వేరు. ఇళ్లలోని ఇలాంటి బాయిలర్లలో పీడనం చదరపు అంగుళానికి 15 పౌండ్లకు చేరితే సేఫ్టీ వాల్వు తనంతట తానే తెరుచుకుని ఆవిరిని వదిలేస్తుంది. మన కుక్కరు మూత మీది వెయిట్ లేచినట్టే. దాన్ని ‘భద్రతా వాల్వు’ అని మాత్రమే రాసి వదిలేస్తే, భద్రత కోసం మూసి ఉంచాలేమోనని ఎవరైనా అనుకోవచ్చు. అందుకే ‘పీడనం పెరిగితే దానంతటదే తెరుచుకుంటుంది. దీని గొట్టానికి ఎప్పుడూ బిరడా పెట్టకూడదు’ అని పూర్తి వాక్యం రాయండి. వెనక్కి రానివ్వని వాల్వు, రేడియేటరు (ఆవిరితో గదిని వెచ్చబరిచే ఇనుప పరికరం) మీద గాలిని వదిలే చిన్న వాల్వు కూడా వాటంతటవే తెరుచుకుని, మూసుకునేవే.

నీటిమట్టం చూపే గాజు గొట్టానికి పైన ఒకటి, కింద ఒకటి వాల్వులుంటాయి. అవి మనం తెరిచి ఉంచేవి. ఏ ఒక్కటి మూసి ఉన్నా గాజులో కనబడే మట్టం నిజం కాదు. అక్కడ ‘రెండూ తెరిచే ఉంచాలి’ అని రాయండి. ‘గాజులో నీరు కనబడకపోతే మంట ఆపాలి, వేడిగా ఉన్న బాయిలరులో చన్నీళ్లు పోయకూడదు’ అన్నది కూడా అక్కడే ఉండాలి.

రేడియేటరుకు ఒకే గొట్టం ఉంటే దాని వాల్వును పూర్తిగా తెరవాలి, లేదా పూర్తిగా మూయాలి. సగంలో ఆపితే చల్లబడి నీరైన ఆవిరి వెనక్కి పోలేక గొట్టాలు దడదడలాడతాయి. ‘కొంచెం తిప్పండి’ అన్న మాట ఆ చీటీ మీద రాయకండి.