బ్యాటరీ తయారీ కాలుష్యం కూడా కలిపితే ఎలక్ట్రిక్ కారు పెట్రోల్ కారు కంటే నిజంగా మేలేనా?

చాలావరకు మేలే. అయితే ఎంత మేలన్నది కారు ఎంత దూరం తిరుగుతుంది, ఏ కరెంటు తాగుతుంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. పాత పెట్రోల్ కారు మార్చేముందు నేనూ ఈ లెక్క వేసుకున్నాను.

లీటరు పెట్రోల్ మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారైతే కిలోమీటరుకు 153 గ్రాములు. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ముడిచమురు తవ్వకం, శుద్ధి, రవాణా ఖాతాలో ఇంకో ఐదో వంతు వేసుకోవాలి. మొత్తం 185 దాకా తేలుతుంది.

ఇక ఎలక్ట్రిక్ కారు. 50 యూనిట్ల బ్యాటరీ తయారీకి, యూనిట్‌కు 80 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున వేసుకుంటే, 4 టన్నులు. అంటే రోడ్డెక్కకముందే ఆ అప్పు నెత్తిన ఉంటుంది. నడిపేటప్పుడు నా కారు డిస్‌ప్లే వంద కిలోమీటర్లకు 14 యూనిట్లు అంటుంది, గోడ మీద మీటరు మాత్రం 16 చూపిస్తుంది. ఛార్జింగ్‌లో వేడి రూపంలో కొంత పోతుంది మరి. లెక్కకు మీటరు అంకే తీసుకోండి, డిస్‌ప్లేది కాకి లెక్క.

యూనిట్‌కు 700 గ్రాములు వదిలే బొగ్గు ఎక్కువున్న గ్రిడ్ (కరెంటు సరఫరా వ్యవస్థ) అయితే కిలోమీటరుకు 112 గ్రాములు. బ్యాటరీ అప్పు తీరడానికి సుమారు 55 వేల కిలోమీటర్లు తిరగాలి. 200 గ్రాముల గ్రిడ్ అయితే 26 వేలకే తీరిపోతుంది. అచ్చంగా బొగ్గు కరెంటే అయితే లక్షన్నర దాటాక గానీ లాభం మొదలవదు. అలాంటి చోట లీటరుకు 22 ఇచ్చే మామూలు హైబ్రిడ్డే (పెట్రోల్ ఇంజిన్‌కు చిన్న బ్యాటరీ, మోటారు తోడున్న కారు) గెలుస్తుంది. ఎలక్ట్రిక్ అభిమానులకు ఈ మాట రుచించదు, తెలుసు.

ఇంటర్నేషనల్ కౌన్సిల్ ఆన్ క్లీన్ ట్రాన్స్‌పోర్టేషన్ అనే పరిశోధన సంస్థ 2021లో వేసిన లెక్కలోనూ ఈ తేడా కనిపిస్తుంది. మధ్యస్థాయి పెట్రోల్ కారుతో పోలిస్తే ఎలక్ట్రిక్ కారు జీవితకాల ఉద్గారాలు యూరప్‌లో 66-69 శాతం, భారత్‌లో 19-34 శాతం తక్కువ. కారు వాడకంలో ఉన్న ఏళ్లలో గ్రిడ్ మెరుగుపడటాన్ని కూడా వాళ్లు కలిపారు. నా లెక్కలో అది లేదు.

ప్లగ్-ఇన్ హైబ్రిడ్ (పెట్రోల్‌తోనూ, ప్లగ్ పెట్టి ఛార్జ్ చేసుకునే బ్యాటరీతోనూ నడిచే కారు) సంగతి పూర్తిగా యజమాని చేతిలో ఉంటుంది. మా ఆఫీసులో ఒకాయన కారు డిక్కీలో ఛార్జింగ్ కేబుల్ ఇంకా కవర్లోనే ఉంది. అంత బరువు బ్యాటరీని పెట్రోల్ పోసి ఊరేగిస్తున్నాడన్నమాట. హైడ్రోజన్ కార్లంటారా, ఆ హైడ్రోజన్ సహజవాయువు నుంచి తీసిందైతే పెద్దగా ఆశపడనక్కర్లేదు.

ఇంకో మాట. ఏ ఇంధనమైనా సరే, బండి పెద్దదయ్యేకొద్దీ తయారీకీ, నడపడానికీ రెండింటికీ ఎక్కువ ఖర్చవుతుంది. పెద్ద ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ కొని చిన్న పెట్రోల్ కారుతో పోల్చుకుంటే పై అంకెలు వర్తించవు.

మా నాన్నగారు ఏడాదికి 5 వేల కిలోమీటర్లు కూడా తిరగరు. ఆ లెక్కన బ్యాటరీ అప్పు తీరడానికే పదకొండేళ్లు పడుతుంది, కొత్త కారు బాడీ తయారీ అదనం. అందుకే ఆయన్ని ఉన్న చిన్న పెట్రోల్ కారే ఇంకొన్నాళ్లు వాడమన్నాను.