వర్గమూలం కింద మైనస్ చూసి ఆగిపోయిన మనవడికి

చిరంజీవి మనవడికి,

అమ్మమ్మ ఆశీస్సులు. నీ వారాంతపు పరీక్ష పేపర్ల ఫొటోలు మీ అమ్మ పంపింది. భౌతికశాస్త్రంలో మార్కులు చూసి తను కంగారు పడుతోంది. నేను మార్కుల జోలికి పోకుండా నువ్వు చేసిన లెక్కలు వరుసగా చదివాను. ఏళ్ల తరబడి ఇంటర్ పిల్లల పేపర్లు దిద్దినదాన్ని కదా, కొట్టివేతలు చూస్తే చాలు, పిల్లవాడు ఎక్కడ తడబడ్డాడో తెలిసిపోతుంది. నీకు సూత్రాలన్నీ నోటికి వచ్చు. ఆ ధీమాతోనే ప్రశ్న చదవడం పూర్తికాకముందే పెన్ను కదిలిస్తున్నావు.

రాయి లెక్కనే తీసుకుందాం. 40 మీటర్ల ఎత్తున్న భవనం పైనుంచి ఒక రాయిని సెకనుకు 10 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరారు. ఎంతసేపటికి నేలను తాకుతుంది? గురుత్వ త్వరణం 10గా తీసుకోమన్నారు. కాలాన్ని ‘టి’ అనుకుని నువ్వు వెంటనే 40 = 10టి − 5టి² అని రాసేశావు. సర్దితే టి² − 2టి + 8 = 0 అయింది. వర్గమూలం కింద −28 తేలింది. దానిమీద అడ్డంగా రెండు గీతలు గీసి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయావు.

ఆ −28 నీకు నిజమే చెప్పిందిరా, నువ్వే వినిపించుకోలేదు. పైకి విసిరిన వేగాన్ని ధనాత్మకంగా తీసుకున్నావు. అంటే పైదిశ నీకు ప్లస్. అలాంటప్పుడు ప్లస్ 40 అంటే రాయి విసిరిన చోటుకు ఇంకా 40 మీటర్లు పైన, ఆకాశంలో ఒక బిందువు. రాయి అక్కడికి ఎప్పుడు చేరుతుందని అడిగావు. సెకనుకు 10 మీటర్ల వేగంతో బయలుదేరిన రాయి ఒక సెకనులో 5 మీటర్లు ఎక్కి, ఇక ఎక్కలేక వెనుదిరుగుతుంది. 40 మీటర్లకు ఎన్నటికీ చేరదు. మైనస్ సంఖ్యకు వాస్తవ వర్గమూలం ఉండదు కాబట్టి, అలాంటి క్షణమే లేదని సమీకరణం జవాబిచ్చింది. అడిగిన ప్రశ్నకు సరైన జవాబే అది.

నేల ఉన్నది కిందవైపు కాబట్టి రాయాల్సింది −40. అప్పుడు టి² − 2టి − 8 = 0 అవుతుంది, టి విలువ 4 లేదా −2. పరీక్షలో −2ను కొట్టేసి 4 సెకన్లని రాయి. ఇంట్లో చేసేటప్పుడు మాత్రం దాన్ని కాసేపు చూడు. సమీకరణానికి భవనం సంగతి తెలియదు, ఎవరో విసిరారనీ తెలియదు. సున్నా సెకను దగ్గర రాయి ఎక్కడ ఉంది, ఎంత వేగంతో పోతోంది అన్నదే తెలుసు. అదే రాయి నేలమీద నుంచే బయలుదేరి వచ్చి ఉంటే, రెండు సెకన్ల ముందు సెకనుకు 30 మీటర్ల వేగంతో పైకి లేచి ఉండాలి. రెండు సెకన్లలో 40 మీటర్లు ఎక్కి, వేగం 10కి తగ్గి, సరిగ్గా నీ పైకప్పు అంచును దాటుతుంది. కావాలంటే లెక్క వేసి చూసుకో. ఈ ముచ్చటకు మార్కులు ఎవరూ వేయరు. కానీ ఇది ఒక్కసారి కళ్లకు కట్టాక మైనస్ గుర్తంటే నీకు బెదురు ఉండదు.

వచ్చిన 4 సెకన్లను మరో దారిలో సరిచూసుకో. పైకి ఒక సెకను, 5 మీటర్లు. అక్కడి నుంచి 45 మీటర్ల పతనానికి మూడు సెకన్లు. మొత్తం నాలుగు. ఇంకొకటి: విసరకుండా వదిలేసి ఉంటే 40 మీటర్లకు దాదాపు 2.8 సెకన్లు పట్టేది. పైకి విసిరాం కాబట్టి అంతకన్నా ఎక్కువే రావాలి, వచ్చింది. రెండున్నర సెకన్లని తేలితే లెక్క మళ్లీ చేయకుండానే తప్పని చెప్పేయవచ్చు.

అన్నట్టు, అదే రాయి శిఖరాన ఉన్న క్షణంలో త్వరణం సున్నా అని కింది ఖాళీలో పూరించావు. వేగం సున్నా, సరే. త్వరణం కూడా సున్నా అయితే ఆ రాయి ఇప్పటికీ అక్కడే వేలాడుతూ ఉండాలి.

కాబట్టి ప్రతి లెక్కకూ ముందు బొమ్మ గియ్యి. అందంగా అక్కర్లేదు, ఒక గీత, ఒక చుక్క చాలు. సున్నా ఎక్కడ పెట్టావో, ఏ దిశ ప్లస్సో, ఏవి ఇచ్చారో, ఏది అడిగారో దాని మీదే రాసెయ్యి. సూత్రం ఆ తర్వాతే. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలకు 180 నిమిషాలే ఇస్తారు, బొమ్మలు గీసే తీరిక ఎక్కడిదని నువ్వంటావు, నాకు తెలుసు. గీత గీయడానికి పట్టేది పది సెకన్లు. ఆ −28తో నువ్వు ఎంతసేపు కుస్తీ పట్టావో నీ పేపరే చెబుతోంది.

బలాల లెక్కల్లో బొమ్మకు ముందే తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది: నీ లెక్క ఏ వస్తువు గురించి? ఎద్దు బండిని ఎంత బలంతో లాగితే బండి ఎద్దును అంతే బలంతో వెనక్కి లాగుతుంది కదా, మరి బండి ఎలా కదులుతుందని నా తరగతుల్లో ప్రతి ఏడూ ఎవరో ఒకరు లేచి అడిగేవారు. మంచి ప్రశ్న. ఆ రెండు బలాలూ సమానమే, కానీ ఒకటి పనిచేసేది బండి మీద, రెండోది ఎద్దు మీద. వేర్వేరు వస్తువుల మీది బలాలను కూడి సున్నా అనకూడదు. బండిని మాత్రమే గియ్యి. దాని మీద ముందుకు ఎద్దు లాగే బలం, వెనక్కి చక్రాల దగ్గర నిరోధం. మొదటిది ఎక్కువైతే బండి కదులుతుంది. ఇప్పుడు ఎద్దును విడిగా గియ్యి. గిట్టలతో అది నేలను వెనక్కి తోస్తుంది, నేల దాన్ని ముందుకు తోస్తుంది. నేల తోడ్పాటు లేకపోతే ఎద్దుకు ఎంత సత్తువ ఉన్నా దండగే, వాన పడ్డాక రేగడి నేలలో గిట్టలు జారే ఎద్దును చూస్తే తెలుస్తుంది. బల్లమీద పుస్తకం, లిఫ్టులో మనిషి, కప్పీకి వేలాడే బరువులు, అన్నింటికీ ఇదే పద్ధతి.

ఇక ప్రమాణాలు. నీ పేపరు నిండా ఒట్టి అంకెలే ఉన్నాయి. 1983 జూలైలో కెనడాలో ఒక బోయింగ్ 767 ప్రయాణానికి 22,300 కిలోల ఇంధనం కావాల్సి వచ్చింది. ట్యాంకుల్లో ఉన్న 7,682 లీటర్లను సిబ్బంది 1.77తో గుణించి అన్ని కిలోలు ఉన్నాయనుకున్నారు. ఆ 1.77 లీటరుకు పౌన్లు. కిలోల్లో అయితే అది దాదాపు 0.8 ఉండాలి. 20,000 లీటర్లు నింపాల్సిన చోట ఐదు వేల లోపే నింపి బయలుదేరారు. 41,000 అడుగుల ఎత్తున ఎగురుతుండగా ఇంధనం నిండుకుని, ఒకదాని తర్వాత ఒకటిగా రెండు ఇంజిన్లూ ఆగిపోయాయి. పైలట్లు నేర్పుగా గాలిలో తేల్చుకుంటూ గిమ్లీ అనే ఊళ్లోని పాత వైమానిక స్థావరంలో దించారు, అందరూ బతికారు. కాగితం మీద 1.77 పక్కన ‘లీటరుకు పౌన్లు’ అని రాసుకుని ఉంటే గుణించగానే పౌన్లు వచ్చేవి, ఎవరో ఒకరి కంట్లో పడేది. అందుకే ప్రతి అంకె పక్కనా ప్రమాణం రాయి, ఆఖరి వరుసలోనే కాదు, ప్రతి వరుసలోనూ.

రోజుకు యాభై బిట్లు చేయిస్తున్నారని మీ అమ్మ చెప్పింది. కాలేజీలో చేయిస్తే చెయ్యి. నీ సొంత సమయంలో మాత్రం ఒక్క లెక్క చాలు, దాన్నే అటూ ఇటూ తిప్పి చూడు. ఎత్తు సున్నా చేస్తే ఏమవుతుంది, వేగం రెట్టింపు చేస్తే కాలం కూడా రెట్టింపవుతుందా అని.

మొదటిది ఇదిగో. అదే భవనం, అదే రాయి, అదే వేగం, కాకపోతే ఈసారి నిట్టనిలువుగా కిందికి విసిరారు. నేలను తాకేటప్పుడు వేగం ఎంతో పెన్ను ముట్టకుండా చెప్పాలి. తర్వాత కాలం కట్టి, అది నేను పైన కొట్టేయమన్న −2కు ఏమవుతుందో రాసి ఆదివారం లోపు ఫొటో పంపు. బొమ్మ లేకపోతే దిద్దను.

నీ అమ్మమ్మ